ఎడమ వెనక కాలి లాడం

గుర్రానికి గిట్టనిచ్చి, గిట్టలోపల మెత్తని కండను దాచి, ఆ కండకు నొప్పి తెలిసే గుణాన్ని ఇచ్చిన దేవునికి స్తోత్రం. నోరులేని జీవం కుంటుతూ తన బాధ చెప్పుకుంటుంది. నోరున్న మనిషి నవ్వుతూ దాచుకుంటుంది. కుంటేదాన్నీ, దాచుకునేదాన్నీ ఒకే చూపుతో చూసి, రెంటినీ తోసివేయకుండా ఇన్నేళ్ళు పోషించినవానికి మహిమ కలుగును గాక. ఆయన ఓర్పు లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నా చెయ్యి మిగిలేది కాదు.

అరవైల చివర్లో నేను విజయనగరంలో జట్కాబండి తోలే ఒక అతనికి రెండో భార్యగా వెళ్ళాను. మా నాన్న కళింగపట్నం దగ్గర ఒక ఊళ్ళో ఉపదేశి. ఎండుచేపల వాసన మధ్య, తాటాకు పాకలో, వాక్యం చెప్పి బతికినవాడు. నన్ను మిషను బోర్డింగులో ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. అక్కడ తెల్లవారుజామున లేచి అధ్యాయాలకు అధ్యాయాలు కంఠస్థం చేసేవాళ్ళం. తప్పు పోతే టిఫిను ఉండేది కాదు. నాకు ఎప్పుడూ టిఫిను పోలేదు. ఆ గర్వంతోనే అత్తవారింటికి వచ్చాను.

మా ఆయన మొదటి భార్య నేను రావడానికి రెండేళ్ళ ముందు జ్వరంతో చనిపోయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. ఉండి ఉంటే బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను. ఫోటో ఉంటే ఏదో ఒక ముఖం ఉండేది. ముక్కు కాస్త లావుగానో, పన్ను ఎత్తుగానో కనిపించేది. ఫోటో లేకపోవడం వల్ల ఆమె ముఖం ఎవరు తలచుకుంటే వారి మాటలో పెరిగింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. వచ్చింది ఒకే ఒక్క కీర్తన, అందులోనూ రెండు చరణాలే. నాకు పుస్తకం చూడకుండా నలభై కీర్తనలు వచ్చు. అయినా సంఘంలో ఆడవాళ్ళు ఆమెను తలచుకున్నప్పుడు గొంతు తగ్గించేవారు. నన్ను చూసినప్పుడు గొంతు మామూలుగానే ఉండేది.

ఆమె వదిలివెళ్ళినవన్నీ మా ఆయన జట్కాకు కట్టే ఎర్ర ఆడగుర్రం చుట్టూనే ఉండేవి. మా విశ్వాసుల ఇళ్ళలో పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు దేవుని కోసం గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తాం. ఆదివారం అది గుడికి పట్టుకెళ్తాం. ఆమె ఆ గుప్పెడు బియ్యంతో పాటు గుర్రం కోసం గుప్పెడు ఉలవలు కూడా వేరే డబ్బాలో వేసేదట. వారాంతానికి ఆ ఉలవలు ఉడకబెట్టి తన చేత్తో తినిపించేదట. నేను వచ్చిన రెండో రోజే మా అత్త నాకు ఆ డబ్బా చూపించింది. నేను బియ్యం తీశాను. ఉలవలు తీయలేదు. అది దేవుని పని కాదని అత్తతో అన్నాను. అత్త ఆ డబ్బా మటుకు పొయ్యి పక్కనుంచి తీయలేదు.

గుర్రానికి కూడా నేనంటే ఇష్టం లేదు. నా అడుగు వినిపిస్తే చెవులు వెనక్కి వాల్చేది. మా ఆయన వస్తే మెడ చాచేది. ఆయన దాని నుదుట చెయ్యి వేసి నిలబడి ఉంటే, ఆ చెయ్యి కింద ఇంకో చెయ్యి ఉన్నట్టు నాకు అనిపించేది. పశువు మీద అసూయపడ్డానని చెప్పుకోవడానికి ఎవరికైనా సిగ్గే. కాని నాది పశువు మీద అసూయ కాదు. ఆ పశువు ఎవరిని మరిచిపోలేదో వారి మీద.

ఆదివారం మా ఆయన కిరాయి తోలేవాడు కాదు. పొద్దున్నే జట్కా కట్టి, నడవలేని నలుగురు ముసలమ్మలను వాళ్ళ ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని గుడికి తెచ్చేవాడు. పెళ్ళయిన మొదటి ఆదివారం నేను ఆయన పక్కన ముందు కూర్చున్నాను. వెనక నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకామె, అందరిలోకి పెద్దది, పొగచుట్ట వదిలి బాప్తిస్మం తీసుకున్నానని పదిసార్లు చెప్పే మనిషి, గుడి మెట్ల దగ్గర దిగుతూ నాతో అంది.

"ఆ పిల్లయితే బండెనక నడిసొచ్చీది. మాకు కాళ్ళు సాపుకోడానికి సోటుండీది."

ఆ మరుసటి ఆదివారం నుంచి నేను కూడా బండి వెనక నడిచాను. ముసలమ్మల కాళ్ళ మీద జాలితో కాదు. ఆమె నడిచినంత దూరం నేను నడవగలనని చూపించడానికి. గంటస్తంభం దాటి, కోట గోడ పక్కనుంచి, దుమ్ములో, ఉతికిన తెల్లచీర కట్టుకుని నడిచాను. ఎవరూ దాన్ని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆమె నడిస్తే భక్తి. నేను నడిస్తే మామూలు.

అలా నడవబట్టే నాకు ఆ చప్పుడు వినిపించింది.

బండి వెనక వారం వారం నడిస్తే గుర్రం అడుగు పాటలా చెవికి పట్టేస్తుంది. నాలుగు కాళ్ళు, నాలుగు దెబ్బలు. ఒక ఆదివారం గుడికి వెళ్తుంటే నాలుగో దెబ్బ తర్వాత ఒక చిన్న కిలుకు వినిపించింది. ఇనుము ఇనుముకు తగిలినట్టు. మూడు వీధులు విన్నాను. తర్వాత వంగి చూశాను. ఎడమ వెనక కాలి లాడం మడమ దగ్గర వేలు దూరేంత లేచి ఉంది. ఒక చీల తల ఊడిపోయింది. ఇంకొకటి వంగి బయటికి కనబడుతోంది. లాడం వదులైందని తెలుసుకోవడానికి జట్కా అతని భార్యకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఆయన నాకు నాలుగు బారల దూరంలో ఉన్నాడు. మావా, లాడం వదిలింది అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకు అనలేదో అప్పుడే నాకు తెలుసు. నేను ఆ మాట అంటే ఆయన దిగి చూసి, సంతోషించి, పోయినదాన్ని తలచుకుని, నీకూ దానిలాగే చెవి ఉందే అనేవాడు. అదివరకు రెండుసార్లు అలాగే అన్నాడు, వేరే సంగతుల్లో. ఆ మాట మూడోసారి వినడం నాకు ఇష్టం లేదు. ఆమె విన్న చప్పుడునే నేను మళ్ళీ వినడం కూడా నాకు ఇష్టం లేదు.

మనసుకు మాత్రం వేరే కారణం చెప్పుకున్నాను. ఈ రోజు ప్రభువు దినం. చెబితే ఆయన ఇప్పుడే లాడాలు కొట్టే సాయిబు కోసం పరుగెత్తుతాడు. ఆదివారం పని చేయించినట్టవుతుంది. రేపు చెబుతాను. విశ్రాంతి దినాన గుంటలో పడిన పశువును పైకి లాగడం తప్పు కాదని మా నాన్న నాకు ఆరేళ్ళప్పుడే నేర్పాడు. ఆ పాఠం నేను ఆ రోజు మరిచిపోలేదు. పక్కన పెట్టాను. గుడిలో బల్ల మీద నా వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడాను.

సోమవారం తెల్లవారగానే ఆయన పాసింజరు రైలు కిరాయిల కోసం బండి కట్టాడు. నేను పొయ్యి ముందు ఉన్నాను. కళ్ళెం గలగల వినిపించింది. ఇప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. అనుకుంటూనే ఊదుగొట్టం తీసి నిప్పు ఊదాను. ఊదడం అయ్యేసరికి బండి సందు మలుపు తిరిగిపోయింది.

పొద్దు బాగా ఎక్కాక ఆయన నడిచి వచ్చాడు. బండి లేదు. గుర్రాన్ని పట్టుకుని, దాని మెడకు తన భుజం ఆనించి, అడుగు అడుగూ తీసుకొస్తున్నాడు. అది మూడు కాళ్ళ మీద గెంతుతోంది. నాలుగో కాలి కొస మటుకే నేలకు తగులుతోంది. ఆయన రెండో చేతిలో వంగిన లాడం ఉంది. రైలు గేటు ఎత్తు ఎక్కేటప్పుడు లాడం పక్కకు తిరిగి, ఆ వంగిన చీల మీదే అది కాలు వేసిందట. చీల గిట్ట అరికాల్లోకి దిగిపోయిందట. బండిని అక్కడే తోటివాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు.

లాడాలు కొట్టే సాయిబు కోట దగ్గర ఉండేవాడు. ముసలివాడు. గడ్డానికి గోరింటాకు రంగు. చేతులు మాత్రం పాతికేళ్ళ వాడివి. ఆయన గిట్టను తన తొడల మధ్య పెట్టుకుని, పట్టుకారుతో విరిగిన చీల ముక్క లాగాడు. వేలి కణుపంత లోపలికి ఉంది. చీల మొనను వాసన చూశాడు. తర్వాత చిన్న వంకర కత్తితో రంధ్రం చుట్టూ గిట్ట చెక్కి వెడల్పు చేశాడు. గుర్రం ఒళ్ళంతా వణికింది. చెక్కడం అయ్యాక, లాడాన్ని చేతిలో తిప్పుతూ మా ఆయన్ని అడిగాడు.

"ఇది ఇవాళ ఒదిలింది కాదు బాబూ. నిన్న మొన్నే ఒదిలుంటాది. సప్పుడు ఎవురూ ఇన్నేదేటి?"

మా ఆయన తల వంచుకున్నాడు. బండిలో కూర్చుంటే చక్రాల చప్పుడే తప్ప వేరే వినబడదని, తనదే తప్పని అన్నాడు. మా అత్త వీధి అరుగు మీద కూర్చుని ఉంది.

"ఆ పిల్లుంటే ఇనీది," అంది.

నేను నీళ్ళ బిందెతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ మాటకు నా గుండెలో ముందు లేచింది పశ్చాత్తాపం కాదు. కోపం. చచ్చిపోయినదాని మీద కోపం. ఆమె విని ఉండేది, చెప్పి ఉండేది. నేను విన్నాను, చెప్పలేదు. ఈ రెండూ తెలిసింది నాకూ దేవుడికీ మాత్రమే. నేను బిందె దింపి లోపలికి వెళ్ళిపోయాను.

మధ్యాహ్నం పశువుల ఆసుపత్రి డాక్టరు గారు సైకిలు మీద వచ్చి, ధనుర్వాతం రాకుండా సూది వేశారు. గాయం పైకి మూసుకుపోకూడదని, లోపలి మలినం బయటికి రావాలని, రోజుకు మూడుసార్లు గోరువెచ్చని ఉప్పునీళ్ళలో గిట్ట నానబెట్టాలని, తర్వాత తవుడులో భేది ఉప్పు కలిపి పట్టు వేసి గోనెగుడ్డ కట్టాలని చెప్పారు. చీము ఎముక దాకా వెళితే ఇక చేసేదేమీ లేదన్నారు.

జట్కా ఆగిపోతే ఇంట్లో పొయ్యి ఆగిపోతుంది. మా ఆయన మర్నాటి నుంచి బజారులో బస్తాలు మోయడానికి వెళ్ళాడు. తెల్లవారి వెళ్తే చీకటి పడ్డాకే రావడం. అత్తకు మోకాళ్ళు వంగవు. గుర్రం కాలు నా చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయన తమ్ముడు జనపనార మిల్లులో పని చేసేవాడు. గుర్రం కాలు బాగవకపోతే తెగనమ్మేసి మిల్లుకు వచ్చెయ్యమని, కూలీలకిచ్చే లైన్ల గదుల్లో పక్కపక్కన ఉండొచ్చని కబురు పంపాడు. ఒక దళారి కూడా వచ్చి కంచె మీదుగా గుర్రాన్ని చూసి వెళ్ళాడు. మా ఆయన ఆ రెండు మాటలూ వినగానే ముఖం తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. మిల్లు లైన్లలో ఒక గది ఎలా ఉంటుందో ఆలోచించాను. అక్కడ ఆ డబ్బా ఉండదు. బండి వెనక నడక ఉండదు. ఆమెను చూసినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఈ గుర్రం పోతే ఆమె కూడా దాని వెనకే నడిచి పోతుంది. నేను ఏమీ చెయ్యక్కర్లేదు. చెయ్యకపోతే చాలు.

మొదటి రోజు నిజంగానే ప్రయత్నించాను. ఇనప బొచ్చెలో వేడినీళ్ళు పోసి, ఉప్పు కలిపి, గుర్రం వెనక్కి వెళ్ళాను. అది కాలు ఎత్తలేదు. రెండోసారి చెయ్యి వేస్తే బాగున్న కాలితో బొచ్చెను తన్నింది. నీళ్ళన్నీ నా మీదే పడ్డాయి. అత్త అరుగు మీద నుంచి పాట పాడమంది. ఆ పిల్ల పాడితే కాలెత్తి చేతిలో పెట్టేసేదట. ఏ పాటో నాకు తెలుసు. ఆ రెండు చరణాలు. ఆ పాట నేను ఆ ఇంటికి వచ్చాక ఒక్కసారి కూడా పాడలేదు. గుడిలో అందరూ పాడుతున్నా పెదవులు కదిపేదాన్ని అంతే. అందుకని నాకు వచ్చిన వేరేవి పాడాను. బోర్డింగులో దొరసాని నేర్పిన స్వరంతో, గొంతు తేలుస్తూ పాడాను. గుర్రం చెవులు ఇంకా వెనక్కి వాల్చింది. అత్త నవ్వు ఆపుకోలేకపోయింది.

"బోర్డింగు పాటలు దానికి ఎక్కవే, కోడలా."

ఆ తర్వాత రెండు రోజులు నేను చేసిన పని ఇది. నీళ్ళు కాచేదాన్ని. దూరం నుంచి ఆ కాలి మీద పోసేదాన్ని. గోనెగుడ్డ విప్పకుండా పైపైన తడిపేదాన్ని. సాయంత్రం ఆయన వచ్చి నానబెట్టావా అంటే, మూడుసార్లూ అయింది మావా అనేదాన్ని. ఆయన బస్తాలు మోసి ఒరుసుకుపోయిన భుజంతో వెళ్ళి, గుర్రం నుదుట చెయ్యి వేసి నిలబడేవాడు.

నాలుగో రోజుకు కాలు వాచింది. గిట్ట నిప్పుల్లా కాలింది. గుర్రం దాణా ముట్టలేదు. డొక్కలు ఎగరేస్తూ, ఆ కాలు గాలిలో పెట్టుకుని నిలబడింది. దాని కళ్ళ కింద చార కట్టింది. అది చూశాక నాకు భయం వేసింది. గుర్రం పోతుందని కాదు. నేను కోరుకున్నది నిజంగానే జరగబోతోందని. నేనే నడిచి వెళ్ళి సాయిబును తీసుకొచ్చాను.

ఆయన గుడ్డ విప్పి, సుత్తితో గిట్ట చుట్టూ మెల్లగా తట్టి, ఒకచోట ఆగి, కత్తి మొన పెట్టి తిప్పాడు. నల్లటి నీరు చిమ్మింది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. ఆయన మూసుకోలేదు. నల్లనీరు అంతా కారేదాకా ఆగి, కాలు నానబెడుతున్నారా అని అడిగాడు. ఆ మనిషి ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయాను. కాలు ఎత్తడం లేదన్నాను. ఆమె పాడే పాట పాడితేనే ఎత్తుతుందట అన్నాను. నా గొంతులో ఏం వినబడిందో, ఆయన తల ఎత్తి చూశాడు. తర్వాత నవ్వాడు.

"గుర్రానికి పాటేటి తెలస్తాది తల్లీ. ఆ కోడలికి గుర్రమంటే సచ్చేంత బయ్యం. నాను ఎదర నిలబడి నేర్పినాను, కాలెలాగెత్తాలో. సేతులు ఒణికిపోయీవి. ఒణుకు తెలీకుండా పాడుకునీది. నువ్వు గుర్రానికి పాడతన్నావు. అదేటి గుడికొస్తాదా?"

ఆ మాటతో నా అసూయ పోయి ఉంటే ఎంత బాగుండేది. పోలేదు. మారింది అంతే. అప్పటిదాకా నేను భయం ఎరగని ఒక పుణ్యాత్మురాలి మీద అసూయపడ్డాను. ఆ రోజు నుంచి, చేతులు వణుకుతూ మూడేళ్ళు ఆ కాలు పట్టుకున్న ఒక చదువురాని పిల్ల మీద అసూయపడ్డాను. మొదటిదానికంటే రెండోది ఎక్కువ నొప్పి పెట్టింది. పుణ్యాత్మురాలితో పోటీ పడి ఓడితే సిగ్గు లేదు. నాలాంటిదానితో ఓడిపోయాను.

సాయిబు నాకు చూపించాడు. నడుము దగ్గర ఆనుకుని నిలబడాలి. తన్నే దూరంలో నిలబడకూడదు. చెయ్యి వీపు మీద నుంచి మొదలుపెట్టి, ఎక్కడా ఎత్తకుండా, తొడ మీదుగా కిందికి జార్చాలి. భుజంతో దాని బరువును అవతలి కాలి మీదికి నెట్టాలి. మడమ పైన నరాన్ని రెండు వేళ్ళతో నొక్కాలి. అప్పుడు కాలు తనంతట తనే లేస్తుంది. చూడటానికి ఇంతే.

ఆయన వెళ్ళాక నేను ఒక్కదాన్నే ప్రయత్నించాను. చెయ్యి తొడ దాకా వచ్చేసరికి వణకడం మొదలైంది. ఏదో ఒకటి పలకాలి. ఆ పాట పాడను. వేరే పాటలు గొంతులోంచి రాలేదు. అప్పుడు బోర్డింగులో కంఠస్థం చేసిన వంశావళి నోటికి వచ్చింది. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్నాడు, వాడు ఇంకొకణ్ణి కన్నాడు. అర్థం పర్థం ఆలోచించకుండా, టిఫిను కోసం నేర్చుకున్న పేర్లు. ఒక్కొక్క పేరుకు చెయ్యి ఒక్కొక్క బెత్తెడు కిందికి జార్చాను. ఏడెనిమిది తరాలు దాటేసరికి నరం దొరికింది. కాలు లేచింది. నా తొడ మీద దాని బరువు పడింది. ఎంత బరువో. వేడిగా, బతికి ఉన్న బరువు.

బొచ్చెలో దాని కాలు పెట్టి పట్టుకుని, నీళ్ళు చల్లారేదాకా తరాలు చెబుతూనే ఉన్నాను. అత్త అరుగు మీద నుంచి చెవి రిక్కించి వింది.

"ఆ పేర్లన్నీ ఎవురివే? మీ తాతలవేటి?"

"కాదత్తా, రాజులవి."

"మన గుర్రం రాజుల కాడికి ఎల్లిపోనాది సూడు," అంది. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మంచి మాట అదే.

అక్కడి నుంచి రోజుకు మూడుసార్లు నిజంగానే చేశాను. ఉప్పునీళ్ళు, తర్వాత పొడిగుడ్డతో తుడుపు, తవుడు పట్టు, గోనెగుడ్డ, దాని పైన కొబ్బరితాడు. కింద తడి తగలకుండా పొయ్యిలో బూడిద జల్లించి పరిచాను. నల్లనీరు తెల్లచీమైంది. చీము పలచబడింది. తర్వాత కట్టు పొడిగా రావడం మొదలైంది. పదో రోజో పన్నెండో రోజో గుర్రం ఆ కాలు నేల మీద ఆనించి నిలబడింది. నేను వెళ్తే చెవులు వెనక్కి వాల్చలేదు. ముందుకు చాచనూ లేదు. ఊరికే ఉంచింది. ఆ రోజు ఎసరు పెట్టేటప్పుడు గుప్పెడు బియ్యం తీసి, ఆ డబ్బా మూత తీసి, గుప్పెడు ఉలవలు వేశాను. నాది ఆమె గుప్పెడు కంటే పెద్దదిగా ఉండాలని వేళ్ళు బాగా విప్పి తీశాను. అదీ నిజమే.

నెల దాటాక సాయిబు వచ్చి, రంధ్రంలో తారు పూసిన నార కుక్కి, మీద తోలుముక్క వేసి, కొత్త లాడం కొట్టాడు. ఒక్కొక్క చీలకూ ఆగి, గుర్రం ముఖం చూసి కొట్టాడు. ఆ ఆదివారం మా ఆయన మళ్ళీ జట్కా కట్టాడు. నలుగురు ముసలమ్మలూ ఎక్కారు. నేను వెనక నడిచాను. నాలుగు కాళ్ళు, నాలుగు దెబ్బలు.

గుడిలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్పే సమయంలో మా ఆయన లేచాడు. సంఘంలో ఎప్పుడూ నోరు విప్పని మనిషి. తన గుర్రాన్ని దేవుడు తన భార్య చేతితో బతికించాడని, ఆ చేతులు లేకపోతే తను ఈపాటికి మిల్లులో ఉండేవాడినని చెప్పి కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి స్తోత్రం అన్న మాట చాలా నోళ్ళలోంచి వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు. గొంతు తగ్గించి ఏదో అనుకున్నారు. ఆ తగ్గిన గొంతు కోసం నేను ఎంత ఎదురుచూశానో దేవుడికే తెలుసు. పాస్టరు గారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు.

లేచి నిలబడ్డాను. ఆయన చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధం మీద కూర్చోలేకపోయాను. అందుకని చెప్పాను. చప్పుడు నేను ముందే విన్నానని, లాడం వదిలిందని తెలుసునని, చెప్పలేదని. అక్కడ ఆగాను. ఎందుకు చెప్పలేదో చెప్పాలి కదా. అందరూ చూస్తున్నారు. మా ఆయన కూడా తల తిప్పి చూస్తున్నాడు.

ఆదివారం కదా, అందుకని చెప్పలేదన్నాను. ప్రభువు దినాన పని చేయించకూడదనుకున్నానని.

గుడి మెత్తబడింది. పాస్టరు గారు, తెలియక చేసిన తప్పయినా భక్తితో చేసిందని, ఉపదేశి గారి కూతురి పెంపకం అలాంటిదని అన్నారు. ప్రభువు దినం పట్ల ఈ రోజుల్లో అంత భయం ఎవరికి ఉందని కూడా అన్నారు. తప్పు ఒప్పుకోవడానికి లేచినదాన్ని, మెప్పు పొంది కూర్చున్నాను. ఎవరూ అనుమానించలేదు, ఒక్క ఆ పెద్ద ముసలమ్మ తప్ప. బండి ఎక్కేటప్పుడు నా భుజం పట్టుకుని, నా కళ్ళలోకి చూసి అంది.

"గుర్రానికి ఆదోరమేటమ్మా?"

నేను ఆమె చెయ్యి పట్టి బండి ఎక్కించి, వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

ఇల్లు చేరగానే మా ఆయన గుర్రాన్ని విప్పాడు. వంగి ఎడమ వెనక కాలు ఎత్తి, తోలుముక్క మీద చెయ్యి వేసి చూశాడు. దించాడు. అప్పుడు నాతో అన్నాడు.

"రేపట్నించి కాళ్ళు నువ్వే సూడు. సప్పుడింటే సెప్పు. ఆదోరమైనా సెప్పు. దేవుడితో నాను మాటాడుకుంటాను."

ఆ మాట ఆయన బతికినంత కాలం నాకు పని అయింది. పొద్దున్నే నాలుగు కాళ్ళూ ఎత్తి చూసేదాన్ని. ఆ తర్వాత ఏ లాడమూ మా ఇంట వదులు కాలేదు. నీకూ దానిలాగే చెవి ఉందే అని ఆయన మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనకపోవడం కూడా నాకు ముల్లులాగే ఉండేది. ఆయన పోయేదాకా, నేను ఆదివారం కోసమే నోరు మూసుకున్నానని నమ్మాడు. నేను నమ్మనిచ్చాను. అసూయ సంగతి చెప్పలేదు. మిల్లు గది సంగతి చెప్పలేదు. తడి గోనెగుడ్డ మీద పోసిన నీళ్ళ సంగతి చెప్పలేదు. గుర్రం పోయింది, అత్త పోయింది, సాయిబు పోయాడు, ఆయన కూడా పోయాడు.

పునరుత్థానంలో పెళ్ళిళ్ళు, భార్యాభర్తలు ఉండరని నాకు తెలుసు. ఆ అధ్యాయం చూడకుండా చెప్పగలను. అయినా కొన్ని పొద్దులు ప్రార్థనకు మోకరించినప్పుడు ఒక ఆలోచన వస్తుంది. నేను అక్కడికి చేరే వేళకు ఆయన ఆమె పక్కన నిలబడి ఉంటాడా అని. ఆమె చెయ్యి ఆ ఎర్ర గుర్రం నుదుటి మీద ఉంటుందా అని. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఆలోచనకు నా మనసు కాలుతుంది. చీము పైకి వచ్చిందనుకున్నాను. లోపల ఇంకా ఉంది.

అందుకే ఇది రాశాను. చదివిన తల్లీ, తండ్రీ, ఒక్క నిమిషం ఈ కాగితం పక్కన పెట్టి నాతో కలిసి ఈ మాట అనండి. దేవా, మూసుకుపోయిన గాయాన్ని తెరువు. నొప్పి పెట్టినా తెరువు. అందులో ఉన్నది నల్లగా ఉన్నా, వాసన వేసినా ముఖం తిప్పుకోకుండా కారేదాకా పట్టుకో. ఈ ముసలిదానికి ఆ రెండు చరణాలు ఒక్కసారైనా నిండు గొంతుతో పాడే మనసు ఇవ్వు. ఆమేన్.